నేను దాటేసిన సముద్రం

మా ఊరి లైబ్రరీలో కింది అంతస్తు చివర ఒక చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు. లోపలి చప్పుడు బయటికీ, బయటి చప్పుడు లోపలికీ పోకుండా గోడలకి మందపాటి బట్ట అతికించి ఉంటుంది. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ గ్లాసు. చూపు లేనివాళ్ళు వచ్చి కూర్చుంటే, నాలాంటివాళ్ళం ఎదురుగా కూర్చుని పుస్తకం చదివి వినిపిస్తాం. జీతమేమీ ఉండదు. ఇష్టం కొద్దీ చేసే పని.

ఇష్టం అన్నాను గానీ, నాది పుస్తకాల మీద ఇష్టం కాదు, నా గొంతు మీద ఇష్టం. రిటైరయ్యేదాకా డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదివాను. తప్పిపోయిన పిల్లల పేర్లు కూడా పాటలా చదువుతానని పేరు తెచ్చుకున్నాను. ఒక్క మాట దగ్గర కూడా తడబడకూడదన్నది నా పట్టింపు. ఆ పట్టింపే కొంప ముంచింది.

గురువారం గురువారం నా దగ్గరికి వచ్చే ఆవిడ పేరు నరుమి తోకి. డెబ్భై దాటిన మనిషి. స్టేషన్ పక్కన ఆడవాళ్ళ జుట్టుకి వంకీలు తిప్పే పార్లర్ నడిపి, కళ్ళు పోయాక మూసేసింది. ఎన్నేళ్ళయినా ఆవిడ కోటుని ఆ వంకీల మందు వాసన వదల్లేదు. ముక్కు పొడిచే ఘాటు. గదిలోకి ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత చేతికర్ర, ఆ తర్వాత ఆవిడ నోరు.

ఆవిడకి కావలసినవి డ్రాగన్లు, మంత్రగత్తెలు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు. కానీ ఒక షరతు పెట్టింది.

"కథ ఎవరైనా చెప్తారు సోమా గారూ. రైల్లో పక్క సీటువాడు కూడా చెప్తాడు. నాకు వాక్యం కావాలి. ఉన్న లోకాన్ని ఎలాగూ చూళ్ళేను. లేని లోకాల్నయినా కళ్ళకి కట్టేలా రాసేవాళ్ళని వెతికిపెట్టండి."

వెతికాను. ఆ పనిలో నాకు వంక పెట్టడానికి లేదు. బీరువాలన్నీ గాలించాను, పాత పుస్తకాల కొట్లవాళ్ళని విసిగించాను, పాఠకులు ఒకళ్ళకొకళ్ళు రాసుకునే కబుర్లన్నీ చదివాను. 'కథ నత్తనడక, రాత మాత్రం వెన్నెల' అని ఎవరైనా అంటే ఆ పుస్తకం పట్టుకొచ్చేదాన్ని.

చిక్కంతా చదివేటప్పుడే. అలా రాసేవాళ్ళు ఎవరూ వాడని పాత అక్షరాలు ఏరి మరీ వాడతారు. మా లిపిలో ఒక్కో మాటకి ఒక్కో బొమ్మలాంటి అక్షరం ఉంటుంది, అది తెలియకపోతే ఊహించి పలకడం కుదరదు. అందుకే ముందు రోజే ఇంట్లో చదువుకుని, తెలియనివి నిఘంటువులో చూసుకుని రావాలని నియమం. నేను చూసుకునేదాన్ని కాదు. బద్ధకం ఒకటి, ఇంత గొంతున్న నాకు సాధన దేనికన్న పొగరు ఒకటి. తీరా అలాంటి అక్షరం ఎదురైతే, తడబడటానికి పరువు అడ్డొచ్చి ఆ పేరా దాటేసేదాన్ని. పోను పోను పేరా కాస్తా పేజీ అయింది. కొండలు, వానలు, రెండు చంద్రుళ్ళు పొడిచే రాత్రులు అన్నీ దూకేసి, ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎవర్ని పొడిచారు, అంతవరకే చదివేదాన్ని. ఎదుటి మనిషికి కళ్ళు లేవు. ఎవరు చూడొచ్చారు?

"డ్రాగన్ వచ్చింది, చచ్చింది," అని ఆవిడ మూతి విరిచేది. "ఇది నవలా, పోలీసు రిపోర్టా? ఇతనూ కాదు. ఇంకొకర్ని చూడండి."

"అలాగేనండీ," అనేదాన్ని. పాపం ఆ రచయితల తప్పేం లేదు. వాళ్ళ నోట్లో మట్టి కొడుతున్నది నేనేనని నాకు తెలుసు. అయినా మరుసటి గురువారం మళ్ళీ అదే చేసేదాన్ని.

ఆవిడకో అలవాటుండేది. నీళ్ళ కోసం నేను ఆగితే గోటితో బల్ల మీద రెండుసార్లు కొట్టేది. టక్ టక్. కానివ్వండి అని.

చివరగా తెచ్చిన పుస్తకంలో ఒక ఆడమనిషి దీపం పట్టుకుని, ఎవరూ లేని ఒక గ్రహమంతా నడిచి ఉప్పు సముద్రం దగ్గరికి చేరుతుంది. ఆ సముద్రాన్ని వర్ణిస్తూ మూడు పేజీలున్నాయి. ఆ మూడు పేజీల కోసమే పుస్తకం దాచుకున్నామని ఎంతోమంది రాశారు. నేను మాత్రం, "ఆమె ఒడ్డుకు చేరింది. పడవ ఎక్కింది," అని చదివాను.

ఆవిడ నా వైపు చెవి తిప్పింది.

"అంత దూరం నడిచి వచ్చింది కదా. సముద్రం ఎలా ఉందో రాయలేదా?"

"ఈ రచయిత్రి అలాంటివి రాయదండీ."

"హూఁ. అందంగా రాసేవాళ్ళు అయిపోయినట్టున్నారు. నా కళ్ళతో పాటే వాళ్ళూ పోయారు."

వారం తిరక్కుండా నిమోనియాతో పోయింది. అంత్యక్రియల దగ్గర ధూపం వేసి వస్తుంటే ఆవిడ మేనకోడలు అందరికీ ఇచ్చినట్టే నా చేతిలోనూ టీ పొట్లం పెట్టి, లోగొంతుకతో అంది: "అత్తయ్య కోసం చాలా తిరిగారటగా. ఆసుపత్రిలో కూడా మీ మాటే. సోమా గారు ఎంత వెతికినా ఒక్కరూ దొరకలేదు పాపం, అని."

ఆ 'పాపం' నాకట. ఆ టీ నేను ఇప్పటికీ విప్పలేదు.

తర్వాత గురువారం మధ్యాహ్నం నుంచే మంచు పడుతోంది. సాయంత్రం కాకముందే చీకటి కమ్మింది. నేను ఆ ఉప్పు సముద్రం పుస్తకం పట్టుకుని లైబ్రరీకి వెళ్ళాను. తెలియని అక్షరాలన్నీ ఈసారి నిఘంటువులో చూసుకున్నాను. పోయినవాళ్ళకి దీపం పెట్టినట్టు, ఆ పేజీలు ఆవిడ కుర్చీ ముందు చదివేస్తే నా గుండెలో బరువు దిగుతుందనుకున్నాను.

"ఒక్కరేనా?" అంది కౌంటర్‌లో ఉండే మికామి, గది తాళం ఇస్తూ.

"సాధన చేసుకుందామని."

"మీకు సాధనా? చేపకి ఈత నేర్పినట్టుంది," అని నవ్వింది.

గదిలో తడి ఉన్ని వాసన, పాత కాగితం వాసన. ఎదురు కుర్చీ కాస్త ముందుకి జరిపాను. తలుపు వేయగానే చెవుల్లో దూది పెట్టినట్టయింది. నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పుస్తకం తెరిచాను.

"ఆమె ఒడ్డుకు చేరింది."

మొదటి వాక్యం బాగానే నడిచింది. రెండోదానిలో, అన్నీ చూశాననుకున్నా నేను మరిచిన అక్షరం ఒకటి ఉంది. కావాలని కాదు... నా కళ్ళు వాటంతటవే కింది పేరాకి దూకాయి. అలవాటు మరి.

టక్ టక్.

గోడలో గొట్టం అనుకున్నాను. మంచు పడితే గొట్టాలు చప్పుడు చేస్తాయి. కానీ ఈ గదిలోకి ఏ చప్పుడూ రాదు కదా. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. ఆ అక్షరం దగ్గర మళ్ళీ నా కళ్ళు జారాయి.

టక్ టక్.

ఈసారి బల్ల అదిరింది. నా మోచేతికి తెలిసింది. దానితో పాటే వాసన... ముక్కు పొడిచే ఘాటు. వంకీల మందు.

దీపం ఆరిపోయింది.

ఆ గదిలో చీకటి చీకటిలా ఉండదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. లేచాను. కుర్చీ వెనక్కి పడింది. తలుపు ఎటో తెలియలేదు. చేతికి బట్ట గోడ... బట్ట గోడ... మళ్ళీ బట్ట గోడ.

"కూర్చోండి."

గుసగుస. నా ఎత్తులోనే, నా ముఖానికి దగ్గరగా.

"ఇంకా అవలేదుగా."

"దీ... దీపం పోయింది," అన్నాను. "కనపడటం లేదు."

"నాకూ అంతే. చదవండి."

పడ్డ కుర్చీ తడుముకుని కూర్చున్నాను. ఇంకేం చెయ్యను? పేజీ మీద వేళ్ళు పెట్టాను. నోరు తెరిస్తే నా గొంతు వచ్చింది. నేను చదవడం లేదు. అయినా వచ్చింది.

"ఆ సముద్రానికి అలలు లేవు. పగలంతా తాగిన వెలుగుని చీకటి పడ్డాక ఒక్కొక్క ఉప్పురవ్వగా తిరిగి ఇస్తుంది. గాలి వీచినప్పుడు నీళ్ళు కదలవు, రంగు కదులుతుంది. ఊదా ఒడ్డుదాకా వచ్చి, ఆమె పాదాలు చూసి, సిగ్గుపడి వెనక్కి వెళ్తుంది..."

ఎంత బాగుందో. ఆ భయంలోనూ అనిపించింది, ఎంత బాగుందో అని. కానీ పలికిన వాక్యం పలికినట్టే నాలోంచి పోతోంది. ఇప్పుడే అన్న మాట కోసం వెనక్కి వెతికితే అక్కడ ఏమీ లేదు. ఇక్కడ చెప్పిన ఈ నాలుగు ముక్కలు కూడా గుర్తుండి చెప్పినవి కావు. ఒక్కోసారి నిద్రలో నేను ఇవే పలుకుతున్నానని మా చెల్లెలు రాసి ఇచ్చింది.

సముద్రం అయిపోయింది. ఆగాను.

టక్ టక్. "దీని ముందుది."

రెండు చంద్రుళ్ళ రాత్రి వచ్చింది. టక్ టక్. దాని ముందుది. గాజు అడవిలో వాన... టక్ టక్. డ్రాగన్ చావబోతూ చూసిన తెల్లవారుజాము... ఎన్నో. దాటేసినవన్నీ. గొంతు గీరుకుపోయింది. నోట్లో ఉప్పగా తగిలింది. ఎదుట ఎవరో నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతున్నారు, అన్నం తిన్నాక తీసినట్టు.

చివరికి ఆ గుసగుస మళ్ళీ వచ్చింది. కోపం లేదు అందులో. కోపం ఉన్నా బాగుండేది.

"ఇంతమందిని... నాకు దొరక్కుండా దాచారా, సోమా గారూ?"

"తప్పయిపోయింది," అన్నాను. ఏడుపొచ్చింది. "తప్పయిపోయిందండీ."

"సరే. వీటిని నేను తీసుకెళ్తున్నాను."

దీపం వెలిగింది. తలుపు తీసుకుని మికామి వచ్చింది.

"మంచుకి కరెంటు పోయింది. ఇలా పోయి అలా వచ్చిందిలెండి. భయపడ్డారా?"

ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. గ్లాసులో నీళ్ళు లేవు. ముందున్న పుస్తకం చూశాను. 'ఆమె ఒడ్డుకు చేరింది.' ఆ తర్వాత తెల్ల కాగితం. తిప్పాను. తెలుపు. ఇంకొకటి తిప్పాను. ఆ పేజీ చివర, 'పడవ ఎక్కింది.'

పుస్తకాన్ని మికామి వైపు తోశాను.

"ఇక్కడ... ఏముందో కాస్త చదివి పెడతావా?" నా గొంతు బొంగురుపోయి ఉంది.

మికామి కూర్చుంది. ఎదురు కుర్చీలోనే. పుస్తకం దగ్గరికి లాక్కుని పైకి చదివింది.

"ఆమె ఒడ్డుకు చేరింది. పడవ ఎక్కింది."

"మధ్యలో? సముద్రం గురించి ఏమీ లేదా?"

"ఈ రచయిత్రి అలాంటివి రాయదండీ," అంది తలెత్తకుండానే.

ఆమె కళ్ళు మాత్రం నాకు తెల్లగా కనిపిస్తున్న ఆ కాగితం మీద పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి, వరస తర్వాత వరస నెమ్మదిగా కదులుతున్నాయి. కాసేపటికి పేజీ తిప్పింది.