నీడబండి ఆగాల్సిన చోటు

బండి పరుగెడుతూనే ఉంది, ఇళ్లల్లో పొయ్యిల మీద పప్పు ఉడుకుతూనే ఉంది. కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్లన్నీ ఒకే వైపుకి రెపరెపలాడుతున్నాయి. ఏటా సగం రోజులు పట్టాల మీదే గడిపే పిల్లలకు కదలని ఇల్లంటేనే వింత.

ఎండలు మనిషిని బతకనివ్వని కాలమది. వేసవిలో మైదానంలో ఏ గోడా ఎవరినీ కాపాడలేదు. అందుకే ప్రభుత్వం ఇళ్లనీ రైలునీ ఒకటి చేసింది. బోగీకి నాలుగు కాపురాలు. వేసవి ముదరకముందే ఊరూరా జనాన్ని ఎక్కించుకుని కొండల్లోని చల్లటి సొరంగాలకు చేరుస్తుంది. జనం దానికి పెట్టుకున్న పేరు నీడబండి.

దాని బుర్రను తయారుచేసినవారు డాక్టర్ గుడిమెట్ల దైవసహాయం. ఆ బుర్ర పేరు ఏకమతి. బోగీల గోడల్లో మనోగ్రాహకాలుంటాయి. మెదడులో పుట్టే కోరికనీ భయాన్నీ పట్టుకునే సన్నటి సెన్సర్లవి. ఎక్కువమంది మనసులో ఏది కోరుకుంటే బండి అదే చేస్తుంది. ఆపడానికి బ్రేకు లేదు, మీట లేదు. కావాలనే పెట్టలేదాయన. మంత్రి ఫోనుకీ కంపెనీ డబ్బుకీ లొంగని బండి కావాలనుకున్నారు. భార్య పోయాక ఆయనకు మిగిలిన గర్వం అదొక్కటే.

"మాస్టారూ, రాళ్లపాడు దగ్గరకొచ్చేసింది. స్పీడ్ తగ్గట్లేదేంది?"

అడిగింది హైమవతి. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు ఆయన పక్కనే పనిచేస్తున్న ఇంజనీరు. కొండలకు ముందు చివరి స్టేషన్ రాళ్లపాడు. ఆ ప్లాట్‌ఫారం మీద ఊరంతటితో పాటు ఆమె తల్లి ఉంది. మధ్యాహ్నానికి నిప్పుగాలి ఆ మైదానాన్ని కమ్మేస్తుంది. వాళ్ల కోసమే బండి వెనక ఖాళీ బోగీలున్నాయి. ఖాళీగానే కొండకు చేరితే వాటిని వేలం వెయ్యాలన్నది ప్రభుత్వం ఒప్పుకున్న షరతు. ఆ వేలం కోసం కాచుకున్న కంపెనీ తరఫున చక్రధర్ అనే ఆఫీసరు కూడా బండిలో ఉన్నాడు.

దైవసహాయం గారు నేరుగా అతని మీదికే వెళ్లారు. "ఏం చేశావయ్యా నా బండిని?"

"నేనా? ఒట్టు సార్! దీన్ని లొంగదీయలేమని మావాళ్లు ఎప్పుడో చేతులెత్తేశారు. మీ మిషన్‌నే అడగండి."

ఆయన ఏకమతి మాట్లాడే తెర వైపు తిరిగారు. "ఏకమతీ, రాళ్లపాడులో ఎందుకు ఆగడం లేదు?"

"ఆపవద్దని కోరుకుంటున్నారు."

"ఎవరు?"

"బండిలో ఉన్నవాళ్లు."

"నిన్న మీటింగులో అందరూ చేతులెత్తారు కదా, ఎక్కించుకుందామని!"

"చేతులు ఎత్తారు. గోడలకు అందింది వేరు."

ఆయన పక్క బోగీలోకి పరుగెత్తారు. ఆటోమేటిక్ తలుపులకు లోపలి వైపున కొత్త గడియలు బిగించి ఉన్నాయి. అవి ఆయన డిజైన్‌లో లేవు. వెనకటి రోజుల్లో జనరల్ బోగీలో తోసుకుంటూ ఎక్కినవాళ్లు, తరువాతి స్టేషన్ రాగానే తలుపు మూసేసేవారని తాతయ్య చెప్పగా విన్నారాయన. ఆ తాతల మనవలు ఇక్కడున్నారు.

"కూచో నాయనా, చెమటలు పట్టినయ్యే," అంటూ సాయమ్మ అనే ముసలావిడ గ్లాసుడు మజ్జిగ అందించింది. అల్లం, కరివేపాకు నలిపి వేసింది. అంత భయంలోనూ ఆ చల్లదనం ఆయన గొంతుకు హాయిగా తగిలింది.

"రాళ్లపాడోళ్లని ఎక్కించుకోవాలి కదమ్మా?"

"ఎక్కించుకోవద్దూ మరి! పాపం, పిల్లాజెల్లా ఉంటారు." ఆమె కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. "కాకపోతే ఆ సొరంగాల్లో ఉన్న చల్లదనం అందరికీ ఆనాల గదా నాయనా..." అంటూనే ఆమె చెయ్యి వెనక్కి పోయి, గడియ పడిందో లేదో తడిమి చూసుకుంది.

ఆయన తిరిగి వచ్చేసరికి చక్రధర్ మొహంలో నవ్వు లేదు. "పదేళ్లు మంత్రుల చుట్టూ తిరిగాం సార్. మేమేం చెయ్యకుండానే ఈ బోగీలు మా చేతికొస్తాయని ఎవడూ చెప్పలేదు."

కిటికీలోంచి స్టేషన్ కప్పు కనబడుతోంది. హైమవతి తెరను రెండు చేతులతో పట్టుకుంది. "ఏకమతీ, ఆపమని ఒక్కరన్నా కోరుకోవట్లేదా?"

"ఒక్క గదే కోరుకుంటోంది. అది మీదే."

ఆమె మెల్లగా తల తిప్పి ఆయన వైపు చూసింది.

"అబద్ధం!" అన్నారు దైవసహాయం గారు. "చల్లదనం అందరికీ సరిపోతుందని లెక్కకట్టింది నేను. నేనెందుకు వద్దనుకుంటాను?"

"లెక్క మీకు తెలుసు డాక్టర్ గారూ. అయినా మీ గదిలోనూ అదే భయం ఉంది. రోజూ ఉంది."

ఆయన గోడ దగ్గరకు నడిచారు. రెండు అరచేతులూ గోడకు ఆనించి, కళ్లు మూసుకుని, ఆపు దేవా, ఆపు దేవా అని పెదవులు కదిలించారు.

ప్లాట్‌ఫారం మీద జనం బండిని చూసి లేచి నిలబడ్డారు. మూటలు భుజానికెత్తుకున్నారు. చంటిబిడ్డలను పైకెత్తి చూపిస్తున్నారు. అందరికంటే ముందు, పచ్చచీర కట్టుకున్న ఒకామె నవ్వుతూ చెయ్యి ఊపుతోంది.

"అమ్మ," అంది హైమవతి. "మాస్టారూ, ఇంకాస్త గట్టిగా కోరుకోండి."

"కోరుకుంటున్నానమ్మా," అన్నారాయన.

బండి వేగం అందుకుంది.