రోటర్‌లో ఒంటరి ట్యూబు

పూర్ణా మార్కెట్‌లో అల్లం బస్తాల మధ్య కూర్చున్న జ్ఞానదాసు పక్కటెముకల్లో కత్తి దిగినప్పుడు, పక్క కొట్టువాడు బేరం మీదున్నాడు. చప్పుడు లేదు. అల్లం వ్యాపారి వేషంలో ఉన్న ఆ ఏజెంట్ బస్తా మీదికి ఒరిగిపోతూ కాలర్‌లోని మైక్‌ నొక్కాడు.

"బావా, సాయంత్రం కాదు. ఇప్పుడే. తెల్లోడు మీ ల్యాబుకే వత్తన్నాడు. నాను..."

అవతల యూనివర్సిటీ ల్యాబ్‌లో బెన్సన్ చెవిలో ఇక మార్కెట్ గోల తప్ప ఏమీ వినిపించలేదు.

బెన్సన్‌దీ అదే ఏజెంట్ ఉద్యోగం. ఉక్కునగరంలో పెరిగినవాడు. రెండేళ్లుగా ప్రొఫెసర్ ప్రేమలీల దగ్గర రీసెర్చ్ స్కాలర్ వేషం వేస్తున్నాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెబుతూ, గ్రాంట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, ఆమె ఒక నానో కణాన్ని తయారుచేసింది. అది మందును మోసుకుని రక్తంలోంచి నేరుగా మెదడులోకి దూరిపోతుంది. మెదడు క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం చేసింది. ఆ తెల్లోడు క్రేగర్ ముఠా అందులో మందుకు బదులు విషం నింపాలనుకుంటోంది. ఉన్నది ఒక్కటే వయల్, చిన్న గాజు సీసాడు. అది పోర్టులో ఓడ ఎక్కకూడదు, ఆమె చావకూడదు. అదే బెన్సన్ మిషన్.

తోడుగా చీఫ్ పంపిన ఏజెంట్ నీలిమ. ఒకప్పుడు ప్రేమలీల దగ్గరే పీహెచ్‌డీ చేసి సింగపూర్ వెళ్లింది. ఆమె కారిడార్‌లో నడిస్తే రెండు క్లాసులు పాఠం మరిచిపోతాయి.

బెన్సన్ పిస్టల్ తీసి, జ్ఞానదాసును పొడిచేశారని, మేడమ్‌ను వెనక మెట్ల మీదుగా దింపమని నీలిమకు చెప్పాడు. జవాబుగా అతని మెడ వెనక ఆమె పిస్టల్ సైలెన్సర్ చల్లగా ఆనింది.

"పిస్టల్ బల్ల మీద పెట్టు బెన్సన్. మెల్లగా."

తలుపు దగ్గర అడ్డమొచ్చిన వాచ్‌మన్ గణేష్‌ను నుదుటి మీద కాల్చి, శవాన్ని దాటుకుంటూ క్రేగర్ లోపలికొచ్చాడు.

"గణేష్ నీకేటి చేశాడు?" అంది ప్రేమలీల.

క్రేగర్ పిస్టల్ పిడితో ఆమె ముఖం మీద కొట్టాడు. కళ్లద్దాలు పగిలి కనుబొమ నుంచి నెత్తురు కారింది. ఆమె ఫ్రిజ్ తెరిచి వయల్ ఇచ్చింది.

నకిలీది కాదని రుజువేమిటన్నాడు క్రేగర్. ట్యూబులను గిర్రున తిప్పే మెషిన్, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అసలు సరుకు ట్యూబు అడుగున తెల్లగా పేరుకుంటుందని నీలిమ చెప్పింది. తిప్పే పని బెన్సన్‌కు అప్పగించి, తను ప్రేమలీల కణతకు గురిపెట్టింది.

బెన్సన్ సరుకును ట్యూబులో పోసి, మెషిన్ లోపల తిరిగే చక్రం, రోటర్‌లో పెట్టాడు. ఒక్కటే.

ఎదురుగా అంతే బరువున్న నీళ్ల ట్యూబు పెట్టాలి. ప్రేమలీల దగ్గర చేరిన ఎవరికైనా మొదటి పాఠం అది. లేకపోతే ఆ వేగానికి రోటర్ ఊగి, బాంబులా పేలుతుంది. అలా ఊగితే మెషిన్‌ను ఆపాల్సిన సెన్సర్ ఆ పాత మెషిన్‌లో చెడిపోయి చాలాకాలమైంది. నీలిమ చూస్తే చస్తాడు. మేడమ్ అలవాటు కొద్దీ గదిమినా చస్తాడు.

ప్రేమలీల చూసింది. ఆమె ముప్పై ఏళ్లూ ఆ ట్యూబులోనే ఉన్నాయి. పెదవులు కదిలాయి.

"మూత వెయ్యి నాయనా," అంది.

మెషిన్ మూలిగింది, వణికింది. తెల్లటి పొర కోసం క్రేగర్ మూత మీదికి వంగాడు. నీలిమ కళ్లూ అటు తిరగ్గానే బెన్సన్ ప్రేమలీలను లాగి గ్రానైట్ బల్ల కింద పడేశాడు. మరుక్షణం రోటర్ ముక్కలు ఉక్కు గోడను చీల్చుకుని వచ్చాయి. ఒకటి క్రేగర్ గొంతును తీసుకుపోయింది. ఇంకొకటి నీలిమ తొడలో దిగబడింది.

అయినా ఆమె పిస్టల్ వదల్లేదు. మొదటి తూటా బెన్సన్ భుజాన్ని చీల్చింది. రెండోది పేల్చేలోగా ప్రేమలీల లిక్విడ్ నైట్రోజన్ ఫ్లాస్క్‌ను ఆ చేతి మీద కుమ్మరించింది. ఆ చలికి వేళ్లు తెల్లగా గడ్డకట్టి బిగుసుకుపోయాయి. నీలిమ అరుపు కింది క్లాసు దాకా వినబడింది.

"ట్యూబు సంగతి దీనికెలా తట్టలేదు మేడమ్?" భుజం పట్టుకుని అడిగాడు బెన్సన్.

"పీహెచ్‌డీ నాలుగేళ్లూ అటెండర్ వీరన్న చేతే ట్యూబులు పెట్టించుకుంది. ల్యాబులో పని చెయ్యకుండా డాక్టరైపోయింది." ఆమె నేల మీద తడిగా మిగిలిన తన నానో కణాలను కాసేపు చూసింది. "రేపట్నుంచి మళ్లీ మొదలెడదాం. ఈసారి ఎదురు ట్యూబు పెట్టకపోతే నిన్ను నానే కాల్చేస్తాను."