ఏ గదిలో ఏ దీపం

"పదకొండింటికి మీ అక్కకి ఇంజెక్షన్. ఆపాలో వద్దో నువ్వే తేల్చాలి," అన్నాడు చీఫ్ ఫోన్లో.

ఏజెంట్ పాదరసం ఆస్పత్రి గడియారం చూశాడు. పది నలభై. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే పచార్లు. "కాసేపు కుదురుగా ఉండరా!" అని చిన్నప్పట్నుంచీ అక్క మొత్తుకునేది. ఇప్పుడు ఆ అక్కకి తమ్ముడెవరో తెలీదు. విదేశీ ముఠా మనుషుల పేర్లన్నీ ఆమె బుర్రలోనే ఉన్నాయి. అందుకే ముఠా ఆ బుర్ర మీదే దెబ్బ కొట్టింది.

"అనుమానమెందుకు సార్?"

"విదేశంలో మీ అక్క మెదడులోంచి తీసిన శాంపిల్, జ్ఞాపకాలుండే హిప్పోకాంపస్ ముక్క, చూసి మందు తయారుచేశారు. ఆ ట్యూబుని మనలోనే ఎవరో మార్చారట."

"అయితే ఇంజెక్షన్ ఆపేద్దాం!"

"ఇవాళ మందు పడకపోతే జ్ఞాపకం ఇక రాదు. తప్పు మందు పడితే మనిషే లేవదు. రుజువు చూపించు."

పాదరసం అటెండరు కోటు తగిలించుకుని ల్యాబ్‌లో దూరాడు. చీఫ్ ముందే చెప్పి ఉంచడంతో, కళ్ళజోడు నెత్తికెక్కించుకున్న టెక్నీషియనమ్మ అతని చేతిలో లావుపాటి పెన్ను పెట్టింది.

"ప్రతి కణంలోనూ జీన్లు అవే బాబూ. ఇల్లంతా ఒకే రకం దీపాలున్నట్టు. ఏ గదిలో ఏవి వెలుగుతున్నాయన్నదే తేడా. ఈ పెన్ను దీపాలు చూసి గది చెబుతుంది. చూపు మాత్రం తక్కువ, పక్కపక్క గదుల్ని కలిపేస్తుంది."

"చచ్చాం పో!" అనుకున్నాడు పాదరసం.

అప్పుడే ఏజెంట్ మెరుపు లోపలికి వచ్చింది. విదేశం నుంచి శాంపిల్ తెచ్చిన ఆఫీసరు ఆమే. చెవులకు ముత్యాలు, చేతిలో చిన్న ఫ్లాస్కు.

"గొడుగు తెచ్చావా?"

"వాన వెలిసింది," కోడ్ అప్పజెప్పాడు అతను.

"బల్ల మీదున్న ఆ ట్యూబు నేను తెచ్చిందే. సీలు నంబరు చూసుకో, లేబుల్ చూసుకో. మీ అక్క విషయంలో నేను పొరపాటు చేస్తానా?"

అతను ఆ ట్యూబులోంచి ఒక చుక్క పెన్నులో వేశాడు. పది నిమిషాలు పడుతుందట. కిటికీ దాకా నడిచాడు, తలుపు దాకా నడిచాడు. దొంగ పక్క గది ముక్క పెట్టి ఉంటే ఈ గుడ్డి పెన్ను ఏం చెబుతుంది?

పది యాభై తొమ్మిది. పెన్ను మీద ఎర్రటి అక్షరాలు: చిన్నమెదడు.

"ఆపండి!" అంటూ పక్క వార్డుకి పరుగెత్తాడు. మెరుపు లిప్‌స్టిక్ పిస్టల్ అతని వీపుకి గురిపెట్టింది. టెక్నీషియనమ్మ ఐసు బకెట్ ఎత్తి ఆమె నెత్తిన బోర్లించింది. తూటా సీలింగులో దిగింది. డాక్టరు సూది అక్క చర్మాన్ని తాకేలోగా పాదరసం ఆయన చెయ్యి పట్టేశాడు.

మెరుపు ఫ్లాస్కులో కాఫీ లేదు. అసలు ట్యూబు చల్లగా పడుకుని ఉంది.

"మెదడు ముక్కలన్నీ ఒకటే కదా అనుకున్నా. నిండుగా ఉన్న ట్యూబు పెట్టా," గొణిగింది మెరుపు, ఐసు దులుపుకుంటూ.

"హిప్పోకాంపస్ పక్కనే ఉండే కార్టెక్స్ ముక్క పెట్టుంటే నా పెన్ను బోల్తాపడేది తల్లీ. పోయిపోయి చిన్నమెదడా! దాని దీపాలే వేరు," అంది టెక్నీషియనమ్మ.

అసలు శాంపిల్‌తో కొత్త మందు సాయంత్రానికల్లా ఎక్కించారు. మూడో రోజు పొద్దున అక్క కళ్ళు తెరిచింది. మంచం పక్కన ఊగుతున్న కాలు వైపు చాలాసేపు చూసింది.

"కాసేపు కుదురుగా ఉండరా!"

పాదరసం కళ్ళు తుడుచుకుని చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"పేర్లు చెప్పిందా?"

"ఇంకా లేద్సార్. ముందు నన్ను తిట్టింది."