కడుపులో సముద్రం

"మైన్ ఓడ అడుగున అంటించారు. పదకొండింటికి పేలుతుంది," అంది చీఫ్ నెవెంక. "ప్రయాణికుల్ని దింపితే, రేవులో కాపు కాస్తున్న ముఠా మనిషి ముందే బటన్ నొక్కేస్తాడు. చప్పుడు కాకుండా కానివ్వండి."

స్ప్లిట్ నగరం రేవులో ఆ ఉదయం యూగో అనే దక్షిణపు గాలి నీళ్లను కుదిపేస్తోంది. ఏజెంట్ లోవ్రె, అతని జోడీ ఫ్రానె ఓడల అడుగు గీకే కూలీల వేషంలో బయలుదేరారు. లోవ్రెకి పడవలో ఏమీ కాదు. నీటి కింద అలలు ఊపితేనే కడుపులో తిప్పుతుంది. ఆ సంగతి తెలిసిన జోర్కా రేవు మెట్ల దగ్గర అతని చేతిలో ఒక మాత్ర పెట్టింది. హోటల్లో పాటలు పాడే ఆమె ఆ ముఠాలో మనవాళ్లు పెట్టిన గూఢచారి. లోవ్రె మనసిచ్చిన మనిషి కూడా.

"వాంతుల మాత్ర. వేసుకో బంగారం."

పడవ కదిలాక ఫ్రానె నవ్వాడు. "ఏరా, ఇవాళ కూడా చేపలకి విందేనా?"

"మాత్ర వేసుకుంటే మగతొస్తుంది. వైరు కోసేది నేను." లోవ్రె దాన్ని నీళ్లలోకి విసరబోయాడు.

ఫ్రానె చెయ్యి పట్టుకున్నాడు. "ఇలా తే."

"నీకెందుకు?"

"మొదట్నుంచీ నాకూ తిప్పుతూనే ఉందిరా. ఆ మాట చెబితే నువ్వెవర్ని చూసి ధైర్యం తెచ్చుకుంటావు?" అంటూ మాత్ర నోట్లో వేసుకున్నాడు.

పడవ రేవు చుట్టి ఓడ వెనక ఆగింది. ఇద్దరూ నీళ్లలోకి దిగారు. తల మీద ఓడ లేస్తూ పడుతూ ఉంది. లోవ్రె గాలిగొట్టం నోట్లోంచి తియ్యకుండానే కక్కుకుని, చూపు మైన్ మీదే నిలిపి మూత విప్పాడు. ఉన్నట్టుండి వెలుతురు పక్కకి తిరిగింది. ఫ్రానె టార్చి జారిపోయింది. నోటి గొట్టం ఊడిపోయింది. నిద్రపోతున్నవాడిలా కిందికి దిగిపోతున్నాడు.

లోవ్రె చెయ్యి చాచాడు. వేళ్లు తగిలాయి. అదే క్షణంలో ఓడలో పిల్లలు పరిగెడుతున్న చప్పుడు ఇనుములోంచి వినిపించింది.

మళ్లీ మైన్ వైపు తిరిగాడు. గడియారంలో ఆఖరి సెకను మిగిలుండగా వైరు తెగింది.

తర్వాత ఫ్రానె కోసం కిందికి ఈదాడు గానీ, ఆలస్యమైపోయింది.

మెట్ల మీదికి ఫ్రానెని లాక్కొస్తుంటే జోర్కా పరిగెత్తుకొచ్చింది. లోవ్రె మొహం చూసి ఆగిపోయింది.

"నువ్వు... వేసుకోలేదా?"

ఫ్రానె వైపు చూడనైనా లేదు. వెనకే వస్తూ ఆ మాట విన్న నెవెంక ఆమె చేతిసంచి లాక్కుంది. అందులో ఉంది మైన్ పేల్చే బటన్.

లోవ్రె మాత్రం ఫ్రానె పెదాలకంటిన వాంతిని చేత్తో తుడుస్తూ కూర్చున్నాడు.

ఓడ కదిలి మెట్ల పక్కగా పోతోంది. పైనుంచి ఒక ముసలమ్మ కేకేసింది. "ఇంత ఆలస్యమా! ఏనాడైనా వేళకి బయల్దేరిందా ఇది?"

"క్షమించండమ్మా," అన్నాడు లోవ్రె తలెత్తకుండా. "మావాడికి కాస్త కడుపులో తిప్పింది."