కాటా దిన్నె మీద బరువు

జిగణి వెళ్ళే దారిలో మూతబడిన రాళ్ళ క్వారీ ఒకటుంది. దాని పక్కనుంచి రోడ్డు ఎత్తెక్కుతుంది. పైన, ఒకప్పుడు రాళ్ళ లారీలు తూచిన కాటా తుప్పుపట్టి పడి ఉంటుంది. ఆ ఎత్తుకే కాటా దిన్నె అని పేరు... మంచి పేరేం కాదు. చీకటి పడ్డాక ఒంటరిగా బండి మీద వెళ్తే, అక్కడ బండి ఉన్నట్టుండి బరువెక్కుతుందట.

క్వారీలో రాయి దొర్లి నలిగిపోయిన కూలీ ఒకడు రోడ్డు దాకా పాక్కుంటూ వచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్ళమని పోయే ప్రతి బండికీ చెయ్యి చాపాడట. ఒక్కరూ ఆపలేదు. అందుకే ఇప్పుడు అడగడు — ఎక్కేస్తాడు.

నాకు దెయ్యాలంటే నవ్వు. అనుమానం పెనుభూతం, అంతే అంటాను. కానీ ఇది చెప్పింది మా చర్చిలో నా పక్కన కూర్చునే కృప. ఆ పిల్ల అబద్ధం ఆడదు.

కృప జిగణిలో ఒక నర్సింగ్ హోములో నర్సు. ఆరో నెల. భర్త నతానియేల్ దగ్గర వాళ్ళ నాన్న నాటి యెజ్డీ మోటారు సైకిల్ ఉంది. రోజూ దాని మీదే వచ్చి ఆమెను ఇంటికి తీసుకెళ్తాడు.

"నొప్పులొచ్చి నీకు ఫోన్ చేస్తే, ఈ డొక్కు మీద నువ్వొచ్చేసరికి బిడ్డే నడుచుకుంటూ ఎదురొస్తుంది," అందట కృప. సరదాకే అంది. అతను మనసులో పెట్టుకున్నాడు.

బొమ్మనహళ్ళిలో మెకానిక్ అశ్వత్థప్పకు పెద్ద స్ప్రాకెట్ ఒకటి కొనిచ్చాడు. ఇంజను దగ్గర చైనును తిప్పే పళ్ళ చక్రం అది.

"ఇది ఏస్తే చదునులో బాగా పరుగెత్తుతాది అప్పా. దిన్నెలు మాత్రం ఈడ్సుకుంటా ఎక్కుతాది," అన్నాడు అశ్వత్థప్ప.

"పర్లేదు, వేసేయండి."

సాయంత్రం వెళ్తే షాపులో ఆయన లేడు. పక్క టీ కొట్టువాళ్ళు బండి తాళం ఇచ్చారు. హ్యాండిలుకు ఒక సంచి వేలాడుతోంది. బండిలోంచి విప్పిన సామాను అలా తిరిగిచ్చేయడం ఆయన అలవాటు. పాత స్ప్రాకెట్టేలే అనుకుని, నతానియేల్ సంచి విప్పకుండానే బయల్దేరాడు.

వాన పట్టుకుంది. కాటా దిన్నె చేరేసరికి చీకటి.

ఎత్తు మొదట్లోనే బండి కుంగింది... రెండో గేరు — లాగలేదు. మొదటి గేరు — మూలుగుతూ కదిలింది.

వెనక సీటు కిర్రుమంది.

వీపుకు చల్లగా ఏదో ఆనింది. "స్ప్రాకెట్... స్ప్రాకెట్ వల్లే," అని గొణుక్కున్నాడు. అశ్వత్థప్ప ముందే చెప్పాడుగా! వెనక్కి తిరిగి చూడలేదు. కాటా దాటాడు. దారి చదునైంది. ఇప్పుడు పరుగెత్తాలి కదా...

పరుగెత్తలేదు. ఆస్పత్రి దాకా అలాగే ఈడ్చింది.

పోర్టికో కింద బండి ఆపగానే, అతనింకా దిగకముందే, వెనక స్ప్రింగులు ఒక్కసారిగా పైకి లేచాయి.

డ్యూటీ దిగి నిలబడ్డ కృప అతని మొహం చూసి హడలిపోయింది. జరిగింది చెప్పి, నవ్వబోయాడు. "పెద్ద స్ప్రాకెట్ వేయించానులే, అందుకే. ఇదిగో, తీసేసిన పాతది..."

సంచిలోంచి తీశాడు.

కొత్తది. తళతళ మెరుస్తోంది. నూనె మరక కూడా అంటలేదు.

అశ్వత్థప్పకు ఫోన్ చేస్తే — "చైను పొడవు చాల్లేదప్పా. బండికి పాతదే ఉండాది. కొత్తది సంచిలో పెట్టినా, చూడలేదా?"

కృప మెల్లగా చెయ్యి చాచి బండిని తడిమింది. ట్యాంకు తడి. మడ్‌గార్డు తడి. వెనక సీటు మాత్రం పొడిగా ఉంది... రోజూ తను కూర్చునే చోటు.

అప్పుడే లోపల్నుంచి ఆయా సరోజమ్మ కేక.

"సిస్టరమ్మా! ఎవరో వచ్చి కూసోనుండాడు... ఒళ్ళంతా రాతి దుమ్ము. బిరీన రా!"

"వెళ్ళావా?" అనడిగాను. నాకు నవ్వు రాలేదు.

కృప కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"వెళ్ళానక్కా. ఆరోజు అతని కోసం ఎవరూ ఆగలేదట. నేనూ వెళ్ళకపోతే... మళ్ళీ నా సీట్లోనే కూర్చుంటాడు."