శుక్రవారం ఫోన్, ఒక జూమ్ లెన్స్

"ఈ లెన్సుల చంద్రుని మీది గుంతలు సుత కనపడతయట స్వరూపా!"

దుబాయి నుంచి లక్ష్మీరాజం గొంతు సంబరంగా వినిపించింది.

"నాకు చంద్రునితోని ఏం పని? పెండ్లి పందిట్ల పెండ్లిపిల్ల కనపడాలె" అంది స్వరూప.

పక్కింటి జానకీబాయి హాల్లో అందరూ పకపకా నవ్వారు. అందరూ అంటే జానకీబాయి, ఆమె ఇద్దరు కోడళ్లు, పీట లాక్కుని ఫోన్ పక్కనే కూర్చున్న స్వరూప అత్తగారు ఐలవ్వ. మంచిర్యాలలో ఆ వీధి మొత్తానికి అదొక్కటే ఫోన్. ప్రతి శుక్రవారం సాయంత్రం మోగుతుంది. లక్ష్మీరాజం ముందు తల్లితో మాట్లాడతాడు, ఆ తరువాత రిసీవర్ స్వరూప చేతికొస్తుంది. పెళ్లైన నెలలోపే విమానమెక్కిన మొగుడితో, ఇంతమంది చెవులు రిక్కించి వింటుంటే, కొత్త పెళ్లికూతురు ఏం మాట్లాడుతుంది?

లెన్స్ గురించి మాట్లాడుతుంది.

స్వరూప డిగ్రీ చదివింది. తండ్రి లింగమూర్తి ఫొటో స్టూడియోలో కెమెరా పట్టడం నేర్చుకుని, ఇప్పటికీ పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తోంది. జీలకర్ర బెల్లం వేళకు వీడియోవాళ్లూ, మగ చుట్టాలూ మండపం చుట్టూ గోడ కట్టేస్తారు. వాళ్లను తోసుకుని ముందుకు పోవడం ఆమె వల్ల కాదు. వెనక నుంచి తీయాలంటే దూరాన్ని దగ్గరికి లాగే జూమ్ కావాలి. ఫ్లాష్ అంత దూరం అందదు కనుక, కాస్త వెలుతురుతోనే సరిపెట్టుకునే ఫాస్ట్ లెన్స్ కావాలి. కొంటానని మొగుడు మాటిచ్చాడు.

అప్పటి నుంచి శుక్రవారానికొక లెన్స్.

"ఇది చిన్నగ, తేలికగ మంచిగున్నది."

"అది జూమ్ చేసినకొద్దీ చీకటైతది. వద్దు."

"ఇంకోటి చూసిన. లాగితే బారెడైతది."

"కిందికి వంచితే దానంతట అదే జారుతది. దుకాణపాయనను అడుగుండ్రి."

"అడిగిన. జారదట."

"అమ్మేటోడు జారుతదని చెప్తడా?"

అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఆమె వారమంతా వంకలు వెతుక్కునేది. ఒక పక్క మాత్రమే నలిగిన దుప్పటి రోజూ పొద్దున మడత పెడుతూ, వచ్చే శుక్రవారం ఏం చెప్పాలా అని ఆలోచించేది. లెన్స్ కుదిరిందంటే ఇక మాట్లాడటానికేముంది? బాగున్నారా, బాగున్న. అంతే కదా.

ఓపిక పోయింది ఐలవ్వకే. "గా లెంసు సంగతి ఇంక తెగలేదా? ఎడ్లజత కొన్నా గింత బేరం కాదు బిడ్డా!"

ఆ శుక్రవారం మబ్బు పట్టింది. లక్ష్మీరాజం గొంతులో తొందర.

"మా రూముల ఉండే అంజన్న రేపు ఊరికొస్తుండు. ఆయనతోని పంపుత. ఏది కావాల్నో ఇయ్యాల చెప్పాలె."

"ఎనభై నుంచి రెండువందల జూమ్. ఎంత లాగినా వెలుతురు తగ్గొద్దు, టూ పాయింట్ ఎయిటే ఉండాలె..." అని మొదలుపెట్టింది. మొదటి నుంచీ ఆమెకు కావలసింది అదే. ఇన్నాళ్లూ నోట్లోనే దాచుకుంది. ఇప్పుడు అది బయటపడగానే రిసీవర్‌కు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"స్వరూపా? వినపడతలేదు. కట్టయిందా?"

"లెన్సు వద్దు" అంది. "అంజన్నతోని ఏం పంపకు. నువ్వు రా."

అత్తగారి ముందు ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

జానకీబాయి లేచింది. "లే ఐలవ్వా. డాబా మీద మిరపకాయలున్నయి, వానొచ్చేటట్టున్నది."

"గుప్పెడు మిరపకాయలకు ఇంతమందిమా?"

"లే అంటున్న గదా!"

తలుపు దగ్గరగా వేసి అందరూ వెళ్లిపోయారు. ఎవరూ వినని ఫోన్ కోసం ఎన్నాళ్లు ఎదురు చూసింది! తీరా దొరికితే ఫోన్ వైరును వేలికి చుట్టుకుంటోంది.

"ఆ లెన్సు ఎప్పుడో కొన్న" అన్నాడు లక్ష్మీరాజం. "నీ వంకలన్ని చెప్తే, దుకాణపాయన నవ్వుకుంట ఇదే తీసి చేతుల పెట్టిండు. మంచం కిందనే ఉన్నది."

"మరి చెప్పలే?"

"చెప్తే మళ్ల శుక్రవారం నువ్వేం మాట్లాడుతవు?"

స్వరూపకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "దొంగా!"

"నువ్వు కాదా? నాదే తప్పులే. నీకు పని ఆగుతదని, అంజన్నకు ఇద్దామనుకున్న. ఇయ్యను. నేనే పట్టుకొస్త. మాఘమాసం లగ్గాలకు సేటు సెలవిస్తనన్నడు."

"మాఘమాసమా!" మధ్యలో ఇంకా ఒక చలికాలం ఉంది.

బయట రేకుల మీద టపటపమంది.

"అదేం చప్పుడు?"

"వాన."

"నిజంగనా?" అతని గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "ఈడ చుక్క లేదు. జర వినిపియ్యవా."

వైరు సాగినంత దూరం సాగదీసి, కిటికీ ఊచల్లోంచి రిసీవర్‌ను బయటికి పట్టింది. అతను అవతల ఏమంటున్నాడో ఇప్పుడు ఆమెకు వినపడదు. మోచేతి దాకా తడిసిపోతున్నా చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.