కడిగిన గిన్నె

బంట్వారం ఇంకా కనబడకముందే షేర్ ఆటో గొర్రెల మందలో ఇరుక్కుపోయింది.

డ్రైవర్ హారన్ కొట్టాడు. గొర్రెలు ఓసారి తలెత్తి చూసి, మళ్ళీ తీరిగ్గా నడవసాగాయి. లోపల జనం మధ్య ఒదిగి కూర్చున్న పద్మారాణి తల బయటపెట్టింది.

"అన్నా! జర గొర్లను పక్కకు తీయరాదే! నాకు మీటింగ్ ఉంది."

ఆ 'అన్నా' అన్న మాటకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో ఆమెకే తెలియాలి.

మంద వెనక గొంగడి కప్పుకొని వస్తున్న కుర్రాడు ఆటో దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఎవరితోటి మీటింగ్ మేడమ్?"

"గొర్లు బర్లు కాసేటోళ్ళ సంఘం లీడర్‌తోటి."

"గొర్లకైతే లీడర్ ఉంది, గా ముంగట పోతున్న నల్లది. మాకే లేడు. సంఘమంటే మా నాయిన, మా అమ్మ, ఇంకిన్ని ఇండ్లోళ్ళు. నా పేరు పరమేశ్. నీకేం కావాలె?"

"పెరుగు."

"పెరుగు కోసం మీటింగా?"

ఆటోలో వాళ్ళంతా పకపకా నవ్వారు. పద్మారాణికి ఒళ్ళు మండింది. అయినా అవసరం తనది కాబట్టి కోపాన్ని మింగి, మీటింగ్‌లో చెప్పాల్సిన ముక్కలన్నీ ఆ రోడ్డు మీదే చెప్పేసింది.

తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల పక్కన 'అందరి బువ్వ' అని ఒక ఫుడ్ హబ్ ఉంది, తను పనిచేసేది అక్కడే. అక్కడ రాళ్ళు కోసే కూలీ, షాపు సేటు ఒకే వరసలో కూర్చుని ఒకే గుండిగలోది తింటారు. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు ఊరికే తింటారు. సరుకు పండించేవాళ్ళకు ధర చెప్పే హక్కుంది, ఎకరం ఉన్నవాడికైనా పదెకరాలున్నవాడికైనా మాట ఒక్కటే. పెద్దేముల్ మహిళా సంఘం కందిపప్పు ఇస్తోంది, పూడూరు రైతులు కూరగాయలు ఇస్తున్నారు. పాలు, పెరుగు కుదిరితే వికారాబాద్‌లో రెండోది తెరవాలని ఆలోచన.

పరమేశ్ అంతా విని, "మస్తుగ చెప్పినవ్. మా అమ్మను ఒప్పిస్తె అందరు ఒప్పుకున్నట్టే. కని మా అమ్మ ఒప్పుకోదు," అన్నాడు.

"మరి నవ్వుతవేంది?"

"ఒప్పించనీకె నువ్వు మళ్ళ మళ్ళ రావాలె గద."

ఆ వానాకాలమంతా ఆమె వెళ్ళింది. ఆమె వెళ్ళని వారం అతనే తాండూరు వచ్చాడు. బైక్‌కు మజ్జిగ క్యాన్ కట్టుకుని, తడిసి ముద్దై, "శాంపిల్ తెచ్చిన" అనేవాడు. శాంపిల్ తాగిన కూలీలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. మబ్బు కూడా ఆ ఇద్దరి పక్షమే ఉన్నట్టుంది, అతను బైక్ స్టార్ట్ చేయగానే దంచికొట్టేది. ఇంకేం చేస్తాడు, మళ్ళీ లోపలికొచ్చి కూర్చునేవాడు.

ఇంత ముచ్చటలోనూ పద్మారాణి గుండెలో ఒక భయం మేకు దిగినట్టు ఉండిపోయింది.

ఆ హబ్‌కు ఒక నియమముంది. ఎవరు కొత్తగా కలిసినా సంతకానికి ముందు ఇంటిల్లిపాదీ వచ్చి అందరితో కూర్చుని ఒక పూట తినాలి. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది పద్మారాణే. అక్కడ వంట చేసేది ఆమె తల్లి రాహేలమ్మ.

పద్మారాణి చిన్నప్పుడు రాహేలమ్మకు ఒక ఊరి బడిలో వంటపని దొరికింది. మొదటి రోజు అన్నం ఉడికాక, ఊళ్ళోవాళ్ళు వచ్చి పిల్లల్ని చెయ్యి పట్టుకుని లేపి తీసుకుపోయారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వండిన గుండిగ వండినట్టే ఇంటికొచ్చింది. ఆ అన్నం తల్లీకూతుళ్ళే తిన్నారు, తింటున్నంతసేపూ తల్లి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ పద్మారాణి కలలోకి వస్తుంది.

బంట్వారంవాళ్ళు కూడా విస్తళ్ళ ముందు నుంచి లేచిపోతే? పెరుగు పోతుంది, సరే. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకుంటారు. అమ్మ మళ్ళీ గరిటె పట్టదు. పరమేశ్... అక్కడికొచ్చేసరికి ఆమె ఆలోచించడం మానేసేది.

చివరికి బంట్వారంవాళ్ళు ఆదివారం తినడానికి వస్తామన్నారు. ఇంతలో పరమేశ్ వాళ్ళ బర్రె ఈనింది. అతని తల్లి కాశమ్మ ఇత్తడి గిన్నె నిండా జున్నుపాలు పంపింది. అడగకుండా వచ్చిన మొదటి కానుక అది! రాహేలమ్మ బెల్లం, మిరియాలు వేసి జున్ను చేసి, కూలీలందరికీ తలా ముక్క పెట్టింది. మిగిలింది గిన్నె.

"మంచిగ తోము బిడ్డా. మనం ముట్టిన ఆనవాలు కనవడొద్దు," అంది తల్లి.

ఆ మాటకు పద్మారాణి ప్రాణం చివుక్కుమంది. అయినా చింతపండు పెట్టి, బూడిద పెట్టి, చేతులు మండేదాకా తోమింది. తళతళలాడుతున్న గిన్నెను మర్నాడు పరమేశ్ చేతికిచ్చింది. అతను అది చూసి ఏదో అనబోయి, ఆమె ముఖంలోని సంబరం చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత అతని నుంచి ఫోన్ రాలేదు. ఈమె చేస్తే ఎత్తలేదు. చివరికి ఒక మెసేజ్ వచ్చింది: 'అమ్మ మస్తు కోపంల ఉంది. గిన్నె ముచ్చటకే. ఆదివారం వస్తరో రారో తెల్వది.'

పద్మారాణి ఆ మెసేజ్‌ను మళ్ళీ మళ్ళీ చదివింది. ఇంత తోమినా పోలేదన్నమాట! తన చెయ్యి తగిలిన గిన్నె వాళ్ళకు పనికిరాకుండా పోయిందన్నమాట! తల్లికి చెప్పలేదు. చెబితే ఆదివారం పొయ్యి ముట్టించదని తెలుసు. ఏదైతే అదైందని బంట్వారం ఆటో ఎక్కింది. దారి పొడుగునా వాన. తిడితే పడదామనుకుంది. ఏమీ అనకుండా ముఖం తిప్పుకుంటే మాత్రం తట్టుకోలేననుకుంది.

కాశమ్మ కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తోంది. పరమేశ్ దూడను పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చినవా!" అంది కాశమ్మ. "రెండు పూటల సంది నా బర్రె తంతున్నది. చుక్క పాలియ్యదు. గిన్నె ఎందుకు కడిగినవ్?"

"మేం ముట్టినమని మీకు కోపం రావొద్దని... చింతపండు వెట్టి తోమిన అమ్మా."

"ముట్టుడేంది? జున్నుపాల గిన్నె ఎవరన్న కడుగుతరా? అడుక్కు నాలుగు సుక్కలుంచి గట్లనే పంపాలె. కడిగితె బర్రె ఎండుతది. చిన్నపోరగాండ్లకు గూడ ఎర్కే. మీ అమ్మ చెప్పలేదా?"

"మా అమ్మకు తెల్వది."

"గదెట్ల తెల్వదే?"

"మాకెవ్వలు ఎన్నడు గిన్నెతోటి ఇయ్యలే అమ్మా," అంది పద్మారాణి. "మా గిన్నె మేం కింద పెడితె, ముట్టకుండ మీదికెళ్ళి పోసేటోళ్ళు. వాపసిచ్చే గిన్నె మా ఇంటికి ఎన్నడు రాలే. ఎట్లియ్యాల్నో మాకెట్ల తెలుస్తది?"

కాశమ్మ చేతిలోని గడ్డి చేతిలోనే ఉండిపోయింది. పరమేశ్ తల వంచుకున్నాడు.

"నేను గూడ గట్లనే పోసిన," అంది కాశమ్మ చివరికి, బర్రె వైపు చూస్తూ. "మా అత్త గట్లనే నేర్పింది. నేర్పిందని పోసిన. ఒక్కనాడు ఎందుకని అడగలే." "ఈ పోరడు నీ పేరు తియ్యని పూట లేదు. గందుకే ఈసారి గిన్నెతోటి పంపిన, ఎట్లుంటదో చూస్తమని," అంది.

"ఆదివారం వస్తరా అమ్మా?"

"నేనొస్త. మా ముసలాయన సంగతి చెప్పలేను. వచ్చినోళ్ళందరు కూసుంటరని గూడ చెప్పలేను. ఉన్నమాట చెప్తున్న."

ఆటో దాకా పరమేశ్ గొంగడి పట్టాడు. ఇద్దరికీ ఒకటే గొంగడి కాబట్టి ఇద్దరూ సగం సగం తడిశారు.

"ఫోన్ ఎత్తనందుకు తప్పైంది. ఏం చెప్పాల్నో తెల్వలే. గిన్నె కడిగినందుకు కోపమంటె నవ్వుతవనుకున్న. నువ్వు గింత బాధపడతవని తెల్వలే." అతను గొంగడిని ఆమె వైపు జరిపాడు. "రాణీ, ఒక మాట చెప్తా..."

"వద్దు!" అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. "ఆదివారం అయ్యేదాక చెప్పకు."

"ఎందుకు?"

"మీవాళ్ళు తినకుండ లేస్తె ఆ మాట నువ్వు వాపసు తీసుకోవాల్సొస్తది. ఒక్కసారి విన్నంక నేను ఇయ్యలేను."

ఆదివారం రాహేలమ్మ తెల్లారకముందే పొయ్యి ముట్టించింది. పప్పు, వంకాయ కూర, అన్నం. మధ్యాహ్నానికి బంట్వారం నుంచి ఆటోలు వచ్చాయి. పెద్దేముల్ ఆడవాళ్ళు, రాళ్ళ కూలీలు, వీళ్ళు, అంతా కలిపి పొడుగాటి వరస. విస్తళ్ళు పరిచారు. వచ్చినవాళ్ళలో ఇద్దరు మగవాళ్ళు రాహేలమ్మను చూసి గుసగుసలాడుకుని, బీడీ తాగొస్తామని బయటికి నడిచారు. మళ్ళీ రాలేదు. పరమేశ్ తండ్రి కిష్టప్ప వెళ్ళనూ లేదు, కూర్చోనూ లేదు. గుమ్మంలో కండువా చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

రాహేలమ్మ వడ్డిస్తోంది. గరిటె గుండిగ అంచుకు తగిలి టకటకలాడుతోంది. పద్మారాణికి ఆ పాత రోజు కళ్ళముందు కదిలింది. బంట్వారంవాళ్ళలో మిగతావాళ్ళు విస్తట్లో చెయ్యి పెట్టకుండా కిష్టప్ప వైపే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు. అదే నిశ్శబ్దం. ఆమె పరమేశ్ వైపు చూడలేక కళ్ళు మూసుకుంది.

"వదినె! గింత పప్పు వెయ్యి."

కాశమ్మ గొంతు. అప్పటికే సగం విస్తరి ఖాళీ చేసి కూర్చుంది.

రాహేలమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని పిలిచిందోనని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. సొంతవాళ్ళు తప్ప ఇంకొకరు ఆమెను వరస పెట్టి పిలవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"నిన్నే వదినె, ఎటు చూస్తవ్? రేప్పొద్దున నా కొడుకు నీ చేతి కూడు తినాలె గద, రుచి చూడొద్దా నేను? ఉప్పు జర తక్కువైంది, గంతే."

వరసంతా ఒక్కసారి గొల్లుమంది. చేతులు విస్తళ్ళలోకి దిగాయి. గుమ్మంలో కిష్టప్ప పెళ్ళాం వైపు గుర్రుగా చూసి, చెప్పులు విడిచి, వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "ఉప్పు తక్కువైతె నాకే మంచిది, బీపీ ఉంది. వెయ్యమను," అని గొణిగాడు.

రాహేలమ్మ పప్పు వేస్తూ ఏడ్చేసింది.

మజ్జిగ క్యాన్ మోసుకొస్తున్న పరమేశ్ పద్మారాణి పక్కన ఆగాడు. అతని చేతులు కూడా వణుకుతున్నాయని ఆమెకు అప్పుడు కనబడింది. ఇన్నాళ్ళూ భయం తనొక్కదానిదే అనుకుంది పిచ్చిపిల్ల.

"ఇప్పుడు చెప్పాల్నా?" అన్నాడు మెల్లిగా.

"చెప్పు," అంది పద్మారాణి కళ్ళు తుడుచుకుని. "గట్టిగ చెప్పు. మా అమ్మకు గూడ ఇనవడాలె."